అరకులో ఆటపాట సరే... నెగడు బయటే!

కొరియా సీరియళ్ల పుణ్యమా అని మన పిల్లలకూ కిమ్చి, రామెన్‌ల రుచి తెలిసింది. అక్కడ స్నేహితులు కలిసి భోంచేశాక ‘నొరెబాంగ్‌’కు వెళ్తుంటారు. అంటే పాటల గది. కరవోకే పెట్టుకుని గొంతెత్తి పాడుకుంటారు. అలాంటి సరదా కోసం మనం అంత దూరం పోనక్కర్లేదు. విశాఖపట్నం నుంచి సుమారు 115 కిలోమీటర్లు వెళ్తే అరకు. బొంగులో చికెన్‌, నెగడు చుట్టూ థింసా అక్కడి ప్రత్యేకత. ఈ చలికాలం కుటుంబంతో వెళ్తున్నారా? అయితే ఈ జాగ్రత్తలు మరవకండి.

లోపల ఉడికిందా?

కొరియాలోని దామ్యాంగ్‌లో వెదురు బొంగులో అన్నం వండుతారు. మన మన్యంలో మసాలా పట్టించిన కోడిమాంసాన్ని పచ్చి బొంగులో కూరి, ఆకులతో మూతి బిగించి నిప్పుల మీద కాలుస్తారు. సాధారణంగా నూనె వేయరు కాబట్టి వేపుడు కన్నా కొవ్వు తక్కువ. అయితే బొంగు పైన మాడినంత మాత్రాన లోపల ఉడికినట్టు కాదు. పెద్ద ముక్క ఒకటి విరిచి చూడండి. మధ్యలో పచ్చిగా ఉంటే మళ్లీ నిప్పుల మీద పెట్టమనండి. పచ్చి మాంసంలో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. ముక్క లోపలి దాకా 74 డిగ్రీల సెల్సియస్‌ వేడి చేరితే అది చనిపోతుంది.

హాయిగా ఆడండి

చేతులు కలిపి, డప్పు దెబ్బకు లయగా అడుగులేసే థింసా ఒంటికి మంచి వ్యాయామం. గుండెజబ్బు ఉన్నవారు మాత్రం ఆయాసం అనిపించగానే ఆగిపోవాలి. పొగలో గట్టిగా పాడితే గొంతు రాసుకుపోతుంది. పొగ రాని వైపు కూర్చుని, మధ్యమధ్య గోరువెచ్చని నీళ్లు తాగండి. చలికని మద్యం పుచ్చుకుంటే ఒళ్లు వెచ్చబడినట్టు అనిపిస్తుందంతే. నిజానికి చర్మం దగ్గరి రక్తనాళాలు వెడల్పై శరీరం మరింత వేడిని కోల్పోతుంది.

అసలు ప్రమాదం నిద్రలో

పాటలయ్యాక చలి పెరుగుతుంది. ‘కాస్త వెచ్చగా ఉంటుంది’ అని మిగిలిన నిప్పుల్ని గుడారంలోకో, గదిలోకో తెచ్చుకోవాలనిపిస్తుంది. ఆ పని ఎప్పుడూ చేయొద్దు. మండే బొగ్గుల నుంచి కార్బన్‌ మోనాక్సైడ్‌ వెలువడుతుంది. దానికి రంగు, వాసన ఉండవు. రక్తంలో ఆక్సిజన్‌ ఉండాల్సిన చోటును ఆక్రమిస్తుంది. మెలకువగా ఉంటే తలనొప్పి, వికారం, తల తిరగడం కనిపిస్తాయి. నిద్రలో ఉన్నవారికి ఏమీ తెలియకుండానే ప్రాణం మీదికి వస్తుంది. కిటికీ కాస్త తెరిచి పెట్టినా భరోసా లేదు. నెగడు మీద నీళ్లు పోసి, పూర్తిగా ఆరిందని చూశాకే లోపలికి వెళ్లండి. చలికి మరో దుప్పటి, ఉన్ని టోపీ, సాక్సులు చాలు. ఒకే గదిలో ఇద్దరు ముగ్గురికి ఒక్కసారే తలనొప్పి, వికారం మొదలైతే అందరినీ వెంటనే బయటి గాలిలోకి తెచ్చి 108కి ఫోన్‌ చేయండి.

తిరిగొచ్చాక జ్వరమొస్తే

మలేరియా దోమలు రాత్రిపూట కుడతాయి. నెగడు దగ్గర నిండు చేతుల దుస్తులు వేసుకోండి, దోమతెరలో పడుకోండి. కుట్టిన వారం, రెండు వారాల తర్వాత జ్వరం రావొచ్చు. ఒక్కోసారి నెలలు పట్టొచ్చు. మాత్ర వేసుకుని ఊరుకోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించండి. ‘అరకు వెళ్లొచ్చాం’ అని డాక్టరు అడగకముందే చెప్పండి.