ఎయిర్ సస్పెన్షన్ కంప్రెసర్ పోయిందా? మార్చే ముందు లీక్ ఎక్కడుందో చూడండి

ఫోన్ల రివ్యూలు చదవడానికి వచ్చిన చోట కారు కంప్రెసర్ గోలేంటి అనుకోకండి. ఏదో ఒక యాప్ రాత్రంతా బ్యాక్‌గ్రౌండ్‌లో తిరుగుతూ చార్జింగ్ తాగేస్తుంటే మనమేం చేస్తాం? వెంటనే బ్యాటరీ మార్చం కదా, ముందు ఆ యాప్‌ని పట్టుకుంటాం. కారు దగ్గరికొచ్చేసరికి మాత్రం చాలామంది నేరుగా బ్యాటరీ మార్చేసే టైపు పని చేస్తున్నారు. ఎయిర్ సస్పెన్షన్‌లో కంప్రెసర్ చచ్చిపోయిందంటే, ఎక్కువసార్లు దాన్ని చంపింది వేరే పార్ట్ అయి ఉంటుంది.

సెకండ్ హ్యాండ్‌లో లగ్జరీ ఎస్‌యూవీ కొనేవాళ్లు మన ఫ్రెండ్ సర్కిల్స్‌లో బాగా పెరిగారు. ధర చూస్తే కొత్త కాంపాక్ట్ ఎస్‌యూవీ అంతే, ఫీచర్లు మాత్రం రెండు లెవెల్స్ పైన. ఆ లిస్టులో ఎయిర్ సస్పెన్షన్ కనిపిస్తే ఈ ఆర్టికల్ మీకోసమే.

స్ప్రింగ్ బదులు గాలి

కాన్సెప్ట్ సింపుల్. నాలుగు చక్రాల దగ్గర ఇనప స్ప్రింగుల బదులు గట్టి రబ్బరు సంచులుంటాయి, మన గ్యారేజీల్లో వీటిని బెలో అంటారు. లోపల గాలి ఎక్కిస్తే బండి లేస్తుంది, తీసేస్తే దిగుతుంది. ప్రతి మూలా ఎంత ఎత్తులో ఉందో సెన్సర్లు చెప్తుంటే, ఈసీయూ లెక్క చూసుకుని వాల్వ్ బ్లాక్ ద్వారా ఏ బెలోకి ఎంత గాలి కావాలో అంత పంపిస్తుంది. ఐడియా కొత్తదేం కాదు. 1957లోనే క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్‌లో ఎయిర్ సస్పెన్షన్ ఇచ్చారు. 1998లో వచ్చిన మెర్సిడెస్ ఎస్ క్లాస్ ఎయిర్‌మాటిక్‌తో మనకు తెలిసిన ఎలక్ట్రానిక్ రూపం బాగా పాపులర్ అయింది.

హైదరాబాద్ నుంచి విజయవాడకో తిరుపతికో గరుడ వోల్వోలో వెళ్లినవాళ్లకి ఆ మెత్తదనం తెలుసు. మరి లక్షల కిలోమీటర్లు తిరిగే బస్సులో పెద్దగా వినిపించని కంప్లయింట్ కార్లలో ఎందుకొస్తుంది? బస్సు కంప్రెసర్‌ని ఇంజినే తిప్పుతుంది. బ్రేకులకీ అదే గాలి కాబట్టి రోజంతా పనిచేసేలా డిజైన్ చేస్తారు. కారులో ఉండేది 12 వోల్టుల మోటార్‌తో తిరిగే చిన్న పిస్టన్ పంపు. కాసేపు తిరగాలి, ఆగి చల్లబడాలి, దాని డిజైనే అంత. 30 యాంపియర్లు లాగుతుందనుకున్నా 360 వాట్లు, అంటే మన వంటింట్లో 750 వాట్ల మిక్సీలో దాదాపు సగం. మిక్సీని ఆపకుండా పావుగంట తిప్పితే ఏమవుతుందో అమ్మనడగండి.

లీక్ కంప్రెసర్‌ని ఎలా తినేస్తుంది

బెలో రబ్బరు మడతల దగ్గర సంవత్సరాల తరబడి మట్టి, ఎండ, నీళ్లు పడి సన్నటి పగుళ్లొస్తాయి. గాలి మెల్లగా పోతుంటుంది. ఈసీయూ ఊరుకోదు, ఎత్తు తగ్గిందని మళ్లీ కంప్రెసర్ ఆన్ చేస్తుంది. రోజుకి కొన్ని సెకన్లు తిరగాల్సింది నిమిషాలు తిరుగుతుంది. పిస్టన్ రింగ్ అరిగిపోతుంది, ప్రెషర్ తగ్గుతుంది, దాంతో ఇంకా ఎక్కువసేపు తిరగాల్సొస్తుంది. వేడి మరీ పెరిగితే ఈసీయూనే ఆపేస్తుంది, మన ఫోన్ గేమింగ్‌లో థ్రాటిల్ అయినట్టే.

ఇంకో సంగతి ఉంది, చాలామంది మెకానిక్‌లు కూడా చెప్పరు. కంప్రెసర్ పక్కనే డ్రైయర్ ఉంటుంది. కొత్త షూ బాక్సుల్లో వచ్చే సిలికా జెల్ ప్యాకెట్ గుర్తుందిగా, అదే పని. గాలిలో తేమని పీల్చుకుంటుంది. బండి దిగేటప్పుడు పొడి గాలి అదే డ్రైయర్‌లోంచి వెనక్కి వెళ్తూ, పీల్చుకున్న తేమని బయటికి తీసుకుపోతుంది. అంటే డ్రైయర్ తనని తాను రీసెట్ చేసుకుంటుంది. బెలో పగిలితే గాలి అక్కడే బయటికి పోతుంది, డ్రైయర్ దాకా వెనక్కి రాదు. రీసెట్ జరగదు. తేమ నిండిపోయి నీళ్లు వాల్వ్ బ్లాక్‌లోకి చేరతాయి. మన వానాకాలంలో ఇది ఎంత తొందరగా జరుగుతుందో ఊహించుకోండి. రూపాయి లీక్, వంద రూపాయల డ్యామేజ్.

మా ఇంటి బండి కథ

మా ఇంట్లో ఉన్నది ఏడు సీట్ల జర్మన్ ఎస్‌యూవీ, నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. దాన్ని కొన్న కారణాల్లో నానమ్మ మోకాలి ఆపరేషన్ ఒకటి. బటన్ నొక్కితే బండి కిందికి దిగుతుంది, ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి కూర్చుంటారు. ఫీచర్ అంటే ఇదీ అనిపించిన సందర్భాలు నాకు తక్కువ, అందులో ఇదొకటి.

మొన్న వానల్లో స్క్రీన్ మీద వార్నింగ్ మొదలైంది. దిగిన బండి పైకి లేవట్లేదు, లేచినా చాలాసేపు పడుతోంది. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి, కంప్రెసర్ ఓవర్‌హీట్ కోడ్ చూసి, కంప్రెసర్ మార్చాలి అన్నారు. లేబర్‌తో కలిపి 1,38,000 ఎస్టిమేట్. అందులో లీక్ టెస్ట్ అనే లైనే లేదు. నానమ్మకి ఆ నెలాఖర్లో హాస్పిటల్ రివ్యూ ఉంది కాబట్టి నాన్న దాదాపు ఓకే చెప్పేశారు. "కంప్రెసర్ పోయిందన్నారు, మార్చేస్తే అయిపోతుంది కదరా" అన్నారు.

"ఎందుకు పోయిందో చెప్పలేదు కద నాన్నా, ఒక్క రాత్రి ఆగండి" అన్నాను.

ఆ రాత్రి చేసిన టెస్ట్‌కి కావాల్సింది ఒక టేపు. సమంగా ఉన్న చోట బండి పెట్టి, చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా నాలుగు వైపులా కొలిచాను. రాత్రి 9కి వెనక ఎడమ వైపు 465 మిల్లీమీటర్లు. పొద్దున 6కి 420. మిగతా మూడు మూలల్లో తేడా 5 మిల్లీమీటర్లు కూడా లేదు. తర్వాత స్ప్రే బాటిల్‌లో సబ్బు నీళ్లు. పంక్చర్ షాపులో ట్యూబుని తొట్టిలో ముంచినట్టే అనుకోండి. ఆ బెలో కింది మడత దగ్గర నురగ పొంగింది.

మీరు చెక్ చేసేటప్పుడు ఒక గుర్తు. ఒకే మూల కుంగితే బెలో లేదా దాని పైపు. ముందు రెండూ, లేదా వెనక రెండూ కలిసి కుంగితే వాల్వ్ బ్లాక్ మీద అనుమానం. రాత్రంతా ఎత్తు నిలబడి, లేవమంటే మాత్రం లేవకపోతే అప్పుడు కంప్రెసర్, ఫ్యూజ్, రిలే వైపు వెళ్లండి. ఇంజిన్ ఆపేశాక కూడా కంప్రెసర్ తిరుగుతూనే ఉంటే రిలే అతుక్కుపోయింది, వెంటనే పీకేయండి. బ్యాటరీ ఖాళీ అవుతుంది, మోటార్ కాలిపోతుంది.

మా కంప్రెసర్ కూడా నిజంగానే అరిగిపోయింది. కింది లెవెల్ నుంచి నార్మల్‌కి రావడానికి స్టాప్‌వాచ్‌లో 2 నిమిషాలు దాటింది. కాబట్టి బెలో, కంప్రెసర్, రిలే మూడూ మార్చాలి. కంప్రెసర్ ఒక్కటే మార్చి ఉంటే కొత్తది కూడా అదే లీక్‌తో మళ్లీ మొదట్నుంచి కుస్తీ పట్టేది.

పార్ట్ ఎక్కడిది కొనాలి

కార్ల కంపెనీలు ఈ కంప్రెసర్లని తామే తయారు చేయవు. వాబ్కో, ఏఎంకే, కాంటినెంటల్ లాంటి సప్లయర్లు చేసిస్తారు. అదే సప్లయర్ పేరుతో ఉన్న డబ్బాలో కొంటే కారు లోగో ఖర్చు మిగులుతుంది. మాకు రిలేతో కలిపి కంప్రెసర్ 52,000, బెలో 31,000, బయటి గ్యారేజీలో లేబర్ 6,500. మొత్తం 89,500. సగం ధరకి పేరూ ఊరూ లేని కంప్రెసర్లు ఆన్‌లైన్‌లో బోలెడు. నేను వాటి జోలికి పోలేదు, మీరూ పోవద్దు. పార్ట్ నంబర్ మాత్రం ఛాసిస్ నంబర్‌తో సరిచూసుకోండి. ఒకే మోడల్‌లో కూడా ఇయర్ మారితే సప్లయర్ మారొచ్చు. ల్యాండ్ రోవర్ డిస్కవరీ 3లో పాత హిటాచీ కంప్రెసర్ స్థానంలో ఏఎంకేది పెడితే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కూడా చేయాలి.

మార్చేటప్పుడు

ఇక్కడ సరదా లేదు. టైర్లో ప్రెషర్ రెండున్నర బార్ లోపే ఉంటుంది, బెలోలో దానికి రెండు మూడు రెట్లు పైనే. గ్యారేజీలో భాయ్ మొదట చెప్పిన మాట ఇదే: "తమ్ముడూ, గాలి మీద నిలబడ్డ బండి కిందికి ఎవ్వరూ పోవద్దు. ఇది ఎప్పుడు కూర్చుంటదో దానికే తెల్వదు." మెనూలో జాకీ మోడ్ ఆన్ చేసి, లిఫ్ట్ మీదకెత్తి, బ్యాటరీ నెగటివ్ తీసి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాడు.

గాలి పైపు నట్ ఒక్కసారిగా విప్పలేదు. కొంచెం వదులు చేసి, బుస్సుమనే సౌండ్ పూర్తిగా ఆగేదాకా చూశాడు. పైపు చివర కాస్త కోసి, కొత్త ఫిట్టింగ్ వేశాడు. ఆ కోత అడ్డంగా సమంగా ఉండాలి, వంకరగా ఉంటే అక్కడే కొత్త లీక్. కంప్రెసర్‌ని పట్టుకునే రబ్బరు బుష్‌లు, గాలి పీల్చే ఫిల్టర్ కూడా మార్పించాం. ఫిల్టర్ తీసి చూస్తే లోపల ఓఆర్ఆర్ దుమ్మంతా అక్కడే ఉంది. అన్నిటికంటే ముఖ్యం, కొత్త బెలోకి గాలి ఎక్కకముందే బండి బరువు దాని మీద వేయకూడదు. ఖాళీ రబ్బరు మడతపడి కోసుకుపోతుంది, 31,000 అక్కడికక్కడే గాల్లో కలిసిపోతుంది. చివర్లో కోడ్స్ క్లియర్ చేసి, అన్ని జాయింట్ల మీదా మళ్లీ సబ్బు నీళ్లు కొట్టి చూశాం.

ఇప్పుడు కింది లెవెల్ నుంచి నార్మల్‌కి 24 సెకన్లు. రాత్రి నుంచి పొద్దునకి నాలుగు మూలల్లో తేడా 3 మిల్లీమీటర్ల లోపే. రివ్యూ రోజు నానమ్మ ఎప్పట్లాగే తనే ఎక్కి కూర్చున్నారు. వెనక కుడి బెలో కూడా అదే వయసుది, టార్చ్ వేసి చూస్తే మడతల్లో వెంట్రుకంత పగుళ్లు కనిపిస్తున్నాయి, ఇంకా లీక్ లేదు. వచ్చే వానల్లోపు అదీ మార్చాలని నాన్నకి చెప్పేశాను, పార్ట్ కార్ట్‌లో ఉంది.