జపాన్ స్టేజీ మీద మన జోడేఘాట్ వీరుడు!

శ్రీరాంపూర్ కాలనీలో ‘ఆర్.ఆర్.ఆర్.’ చూసి ఈలలు వేసిన కుర్రకారుకి ఓ చిన్న ప్రశ్న. కొమురం భీమ్ వేషం కట్టిందెవరు? ఎన్టీఆర్ అంటారు. నిజమే! కాని ఇంకో భీమ్ కూడా ఉన్నాడు... కాదు, ఉంది! పేరు రేయ్ మకోతో. 2024 జనవరిలో జపాన్‌లోని తకరాజుకా పట్టణంలో ఆమె భీమ్‌గా స్టేజీ ఎక్కింది. రామరాజూ అమ్మాయే, తెల్లదొరలూ అమ్మాయిలే, ‘నాటు నాటు’కి చిందేసిన వాళ్ళంతా అమ్మాయిలే! ఆ మార్చిలో రాజమౌళి గారు స్వయంగా వెళ్ళి చూసొచ్చారు.

ఇదేం విడ్డూరం అనుకోకండి. దీని వెనక నాలుగు వందల ఏళ్ళ ముచ్చట ఉంది.

ఆడది మొదలెట్టింది, మగవాళ్ళకు దక్కింది

1603 ప్రాంతంలో క్యోటోలో ఒకుని అనే ఆమె ఆటాపాటా కలిపి ఓ కొత్తరకం ప్రదర్శన మొదలెట్టింది. అదే ‘కబుకి’. జనం విరగబడ్డారు. 1629లో ప్రభుత్వం ఆడవాళ్ళను స్టేజీ ఎక్కకుండా నిషేధించింది. అప్పట్నుంచి ఆడవేషాలు కూడా మగవాళ్ళవే. వాళ్ళను ‘ఒన్నగతా’ అంటారు. మన స్థానం నరసింహారావు గారు సత్యభామ కడితే ఎలా ఉండేదో పెద్దల్ని అడగండి, తెలుస్తుంది!

కబుకిలో స్టేజీ నుంచి ప్రేక్షకుల మధ్యగా ఓ బాట ఉంటుంది. పేరు ‘హనమిచి’, అంటే పూలబాట. హీరో ఎంట్రీ దాని మీదుగానే. ఘట్టం రక్తికట్టగానే హీరో గుడ్లురిమి అలాగే బిగుసుకుపోతాడు. పక్కన చెక్కలు టకటకమని మోగుతాయి. హాల్లోంచి అభిమానులు అతని వంశం బిరుదుపేరు పెట్టి కేకలేస్తారు. మన నేల టికెట్టు వాళ్ళకు ఇది కొత్తా చెప్పండి?

ముసుగు, బొమ్మ, మూడు తీగలు

కబుకి కంటే పాతది ‘నో’. పద్నాలుగో శతాబ్దంలో కన్నామీ, ఆయన కొడుకు జెయామీ దానికి రూపం దిద్దారు. ముఖానికి చెక్క ముసుగు, అతి నెమ్మది నడక, ఒక పిల్లనగ్రోవి, మూడు రకాల డోళ్ళు, పక్కన వంతపాట. అంతే సరంజామా! కురొసావా 1957లో తీసిన ‘త్రోన్ ఆఫ్ బ్లడ్’లో నటన ఈ బాణీదే.

ఇక ‘బున్‌రాకు’ బొమ్మలాట. ఒక్కో ముఖ్యమైన బొమ్మను ముగ్గురు ఆడిస్తారు. కథంతా, అన్ని గొంతులూ ఒక్క గాయకుడివే. ఒగ్గు కథ విన్నవాళ్ళకు ఆ గొంతు కష్టం తెలుసు. తోడుగా ‘షమిసెన్’ అనే మూడు తీగల వాయిద్యం. కబుకికీ అదే ప్రాణం.

రైలు కోసం పుట్టిన నాటకం

తకరాజుకా కథ వేరు. కొబయాషి ఇచిజో అనే రైల్వే కంపెనీ ఆసామి, తన రైలు ఆఖరి స్టేషనుకి జనాన్ని రప్పించాలని 1913లో అమ్మాయిల బృందం పెట్టాడు. మరుసటేడు తొలి ప్రదర్శన. ఇది సంప్రదాయ కళ కాదు, పాశ్చాత్య సంగీత నాటకం బాణీ. కాని కబుకి లెక్కను తలకిందులు చేసింది. ఇక్కడ మగవేషాలూ ఆడవాళ్ళవే! మన చిందు ఎల్లమ్మ గారు మగవేషాలతో పేరు తెచ్చుకున్నట్టే.

మరి అసలు భీమ్?

సినిమాలో భీమ్, రామరాజు దోస్తులు. చరిత్రలో కలిసిన దాఖలా లేదు. అసలు భీమ్ మన ఉమ్మడి ఆదిలాబాద్ గోండు బిడ్డ. అడవి మీద, భూమి మీద హక్కు కోసం నిజాం సర్కారుతో తలపడి 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. అతని కథ టోక్యో దాకా వెళ్ళింది. సంతోషమే! కాని అతని జాతి ఆటపాటల్ని, బొగ్గుబావుల పక్కనే ఉన్న మనలో ఎందరం చూశాం? గుస్సాడీ కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఆ పేరు విన్న కుర్రాళ్ళు మన కాలనీలో ఎందరున్నారో మీరే లెక్కపెట్టుకోండి.

తకరాజుకా ఆట చివర్లో హీరో వేషధారి వీపున పెద్ద ఈకల గుత్తి కట్టుకుని మెట్లు దిగి వస్తుంది. హాలు హోరెత్తిపోతుంది. గుస్సాడీ నెత్తినా నెమలీకల కిరీటమే! దీన్ని చూడ్డానికి జపాన్ వెళ్ళనక్కర్లేదు. దీపావళికి, దండారి రోజుల్లో, ఆసిఫాబాద్ బస్సెక్కితే చాలు.