కణేకల్ మట్టి మిద్దె: పాత కట్టడాల పునర్వినియోగంలో కొత్త భాగం స్థానం

చారిత్రక కట్టడాన్ని కాపాడే మార్గాలలో దానిని వాడుకలో ఉంచడం ముఖ్యమైనది. సమాజానికి ఉపయోగపడే పనికి కట్టడాన్ని వినియోగిస్తే పరిరక్షణ సులభమవుతుందని 1964 నాటి వెనిస్ ప్రకటన ఐదవ అధికరణం అంగీకరించింది. అయితే ఆ వినియోగం కట్టడపు అమరికను, అలంకరణను మార్చరాదని హద్దు కూడా గీసింది. తెలుగునాట ఈ చర్చ ఎక్కువగా కోటలు, దేవిడీల చుట్టూనే తిరుగుతున్నది. అనంతపురం జిల్లా కణేకల్ వంటి కరువుసీమ ఊళ్లలోని రాతిగోడల మట్టి మిద్దెలకు అందులో చోటు దక్కడం అరుదు. అటువంటి మిద్దెను బడిగానో గ్రంథాలయంగానో మార్చవలసి వస్తే, కప్పు తీసి స్లాబు వేయడమే బాగుచేయడమన్న భావన బలంగా ఉంది. మార్పు భారాన్ని పాత కట్టడం మోయాలా, పక్కన చేర్చే కొత్త భాగం మోయాలా అన్నది ఇక్కడి అసలు ప్రశ్న.

కోఠీ, విజయవాడ అనుభవాలు

కణేకల్ ఉన్న రాయదుర్గం సీమ 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దత్తమయింది. ఆ ఒప్పందాన్ని కుదిర్చిన రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ మరికొన్నేళ్లకే హైదరాబాదు కోఠీలో రెసిడెన్సీ భవనాన్ని కట్టించాడు. దొరల కొలువుకు, విందులకు ఉద్దేశించిన ఆ భవనంలోకి 1949లో మహిళా కళాశాల వచ్చింది. ఆడపిల్లల చదువుకు అది గొప్ప మేలు. కట్టడం మాత్రం దశాబ్దాల పాటు తరగతుల ఒత్తిడిని భరించి శిథిలమయింది. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దానిని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. బోధన ఆవరణలోని ఇతర భవనాలకు మారిన తరువాత మూల భవనం మరమ్మతుకు వీలు చిక్కింది.

విజయవాడలో జరిగింది వేరు. విక్టోరియా స్వర్ణోత్సవానికి గుర్తుగా 1887లో మొదలైన జూబిలీ హాలు, 1921 కాంగ్రెసు సమావేశాల వేళ పింగళి వెంకయ్య గాంధీజీకి పతాక నమూనాను అందించిన సందర్భంతో ముడిపడి ఉంది. తరువాత అది ప్రదర్శనశాల అయింది. చోటు చాలనప్పుడు అదే ఆవరణలో మరొక భవనాన్ని కట్టి, 2020లో బాపు మ్యూజియం పేరుతో తిరిగి తెరిచారు. పాత హాలుపై అంతస్తు లేవలేదు.

మిద్దె పనితీరు

మట్టి మిద్దెకు ఈ వివేకం మరింత అవసరం. రాతిగోడలను మట్టి అడుసుతో పేర్చి, వాటిపై దూలాలు, దంతెలు ఆనించి, పైన మన్ను, చివరగా చవుడు పరుస్తారు. చవుడు మన్నులోని సోడియం వల్ల తడి తగలగానే బంకరేణువులు విడివడి, ఉబ్బి, సందులను మూసివేస్తాయి. వాననీరు లోపలికి దిగదు. రసాయనం పేరు తెలియకపోయినా దాని పని మాత్రం రాయలసీమ రైతుకు తరతరాలుగా తెలుసు.

పాత గోడ స్లాబు బరువును మోయలేదన్న మాట తరచు వినిపిస్తుంది. లెక్క వేస్తే అది పూర్తిగా నిలవదు. 15 సెంటీమీటర్ల మన్ను చదరపు మీటరుకు సుమారు 250 కిలోలు తూగుతుంది. 12 సెంటీమీటర్ల కాంక్రీటు 300 కిలోలు. తేడా ఉంది కానీ ప్రాణాంతకం కాదు. చిక్కు బరువులో కంటే కదలికలో ఉంది. 10 మీటర్ల కాంక్రీటు పలక 25 డిగ్రీల ఉష్ణోగ్రతా భేదానికి దాదాపు 2.5 మిల్లీమీటర్లు సాగి, మళ్లీ ముడుచుకుంటుంది. దంతెలు విడివిడిగా ఉండి గోడగూటిలో కాస్త జరుగుతాయి. ఏకఖండమైన స్లాబు మాత్రం అడుసుతో కూర్చిన పైవరుస రాళ్లను రోజూ తోస్తుంది, లాగుతుంది. మూలల్లో పగుళ్లు అక్కడే మొదలవుతాయి.

రెండవ దెబ్బ సిమెంటు పూతది. తుంగభద్ర ఎగువ కాలువ నీటితో వరి పండే కణేకల్ ఆయకట్టులో నేల నెమ్ము గోడల్లోకి పాకే అవకాశం ఎక్కువ. మట్టి, సున్నపు పూతల గుండా ఆ నెమ్ము బయటికి ఆరిపోతుంది. సిమెంటు దానిని ఆపడంతో తడి ఇంకా పైకి ఎక్కుతుంది. నీటితో వచ్చిన ఉప్పు పూత వెనుకే గడ్డకట్టి పెచ్చులను ఊడగొడుతుంది. అప్పుడు మళ్లీ సిమెంటే పూస్తారు.

కాబట్టి మరుగుదొడ్లు, నీటితొట్టి, వంట వంటి తడిపనులన్నీ పెరటివైపు కట్టే కొత్త భాగానికి చేరాలి. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది గనుక కొత్త పునాది పాతదానితో సమంగా కదలదు. రెండింటినీ అతికిస్తే సంధి చీలుతుంది. నడుమ కొద్ది ఎడం విడిచి, పైన తేలికపాటి రేకు కప్పితే చాలు. చదువుకునే గది, సభ, ప్రదర్శన మిద్దెలో ఉండవచ్చు. గవాక్షి వెలుగు సరిపోనిచోట దీపం అమర్చుకోవచ్చు, గోడ తొలచి పెద్ద కిటికీ పెట్టనక్కరలేదు. బరువైన పుస్తకాల బీరువాలను మాత్రం నేలగదిలోనే ఉంచాలి.

ఇక మిగిలేది ఏటి ఖర్చు. వానకు ముందు చవుడు పరచడానికి, గోడకు సున్నం వేయడానికి డబ్బు ఎక్కడిది, పని తెలిసిన మనిషి ఎవరు అన్నవి మొదటి అంచనాలోనే ఉండాలి. అవి లేని పథకంలో రెండు మూడు వానలకే మిద్దె కురుస్తుంది, స్లాబు ప్రతిపాదన మళ్లీ బల్ల మీదికి వస్తుంది.