హార్డ్ డిస్కు వేగం

హార్డ్ డిస్కు వేగం అన్న మాటలో రెండు కొలతలు ఇమిడి ఉన్నాయి. కోరిన సమాచారాన్ని వెదకి పట్టుకోవడానికి డిస్కుకు పట్టే కాలం ఒకటి. దొరికిన సమాచారాన్ని సెకనుకు ఎంత మేరకు అందించగలదన్నది రెండవది. ప్రకటనలలో తరచుగా కనిపించేది రెండవ కొలత. కంప్యూటరు మందకొడిగా ఉండటానికి ఎక్కువగా కారణమయ్యేది మొదటిది.

పనిచేసే విధానం

హార్డ్ డిస్కులో అయస్కాంత పూత గల పళ్ళేలు ఒక ఇరుసు చుట్టూ తిరుగుతుంటాయి. సమాచారం వాటి మీద వలయాకారపు ట్రాకులలో ఉంటుంది. దానిని చదివే హెడ్డు ముందుగా సరియైన ట్రాకు వద్దకు జరగాలి. ఆ పిమ్మట కావలసిన భాగం తిరిగి తిరిగి తన కిందకు వచ్చే వరకు వేచి ఉండాలి. ఈ నిరీక్షణ సగటున అర చుట్టు. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కులో అర చుట్టుకు సుమారు 4.2 మిల్లీసెకన్లు, 5400 చుట్ల డిస్కులో 5.6 మిల్లీసెకన్లు పడుతుంది. హెడ్డు జరగడానికి 9 మిల్లీసెకన్లు వేసుకుంటే, 7200 చుట్ల డిస్కులో మొత్తం 13 అవుతుంది. ఆ వ్యవధిలో 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసరులో దాదాపు 4 కోట్ల క్లాక్ సైకిళ్ళు గడిచిపోతాయి.

ఈ లెక్కన డిస్కు సెకనుకు 75 సార్లు మాత్రమే వెదకగలదు. వెదికిన ప్రతిసారీ 4 కిలోబైట్లు చదివితే సెకనుకు వచ్చేది 300 కిలోబైట్లే. వరుసగా ఉన్న ఒకే పెద్ద ఫైలునైతే అదే డిస్కు సెకనుకు 100 మెగాబైట్లకు పైగా చదవగలదు. సినిమా సాఫీగా నడిచే కంప్యూటరే వేలకొద్దీ చిన్న ఫైళ్ళు చదవవలసిన బూటింగు సమయంలో నత్తనడక నడవటానికి కారణం ఇదే. ర్యామ్ చాలనప్పుడు ఆపరేటింగ్ సిస్టం డిస్కునే జ్ఞాపకంగా వాడుకుంటుంది కనుక అవస్థ ఇంకా పెరుగుతుంది.

1956లో ఐ.బి.ఎం. విడుదల చేసిన మొదటి హార్డ్ డిస్కు నిమిషానికి 1200 చుట్లు తిరిగేది. 2000లో సీగేట్ 15,000 చుట్ల డిస్కును తెచ్చింది. అంటే నాలుగు దశాబ్దాలకు పైబడిన కాలంలో పెరుగుదల 12 రెట్లు మాత్రమే. నిల్వ సామర్థ్యం వేల రెట్లు పెరగటంతో పోల్చితే ఇది చాలా స్వల్పం. వేడి, శబ్దం, విద్యుత్ వినియోగం భ్రమణ వేగానికి అడ్డు నిలిచాయి.

కొనుగోలుపై ప్రభావం

2008లో ఆపిల్ తన మొదటి మాక్‌బుక్ ఎయిర్‌ను రెండు రకాలుగా అమ్మింది. 1,799 డాలర్ల నమూనాలో నిమిషానికి 4200 చుట్లు తిరిగే 80 గిగాబైట్ల హార్డ్ డిస్కు ఉండేది. 3,098 డాలర్ల నమూనాలో కొంత వేగవంతమైన ప్రాసెసరుతో పాటు, తిరిగే భాగాలేవీ లేని 64 గిగాబైట్ల సాలిడ్ స్టేట్ డ్రైవు ఉండేది. ఎక్కువ సొమ్ముకు తక్కువ నిల్వ అన్నమాట! 2010 చివరికి ఆ శ్రేణిలో హార్డ్ డిస్కు పూర్తిగా కనుమరుగైంది. సాలిడ్ స్టేట్ డ్రైవు మిల్లీసెకనులో చిన్న భాగంలోనే సమాచారాన్ని అందుకుంటుంది. అందువల్ల హార్డ్ డిస్కుతో నడిచే పాత కంప్యూటరుకు ప్రాసెసరు మార్చడం కన్నా డ్రైవు మార్చడమే సాధారణంగా ఎక్కువ మేలు చేస్తుంది. ర్యామ్ మరీ తక్కువగా ఉంటే దానిని కూడా పెంచుకోవాలి.

నిఘా కెమెరాల రికార్డర్లలోను, బ్యాకప్‌లకు, డేటా సెంటర్లలోను హార్డ్ డిస్కులు నేటికీ వాడుకలో ఉన్నాయి. అక్కడ రాతలు చాలావరకు వరుసగా సాగుతాయి, గిగాబైటుకు అయ్యే ఖర్చూ తక్కువే.