లంబసింగి గుడారాలు: కొందరికి తీపి, కొందరికి చేదు

తెల్లవారుజాము నాలుగున్నర. చలికి పళ్లు టకటకలాడుతున్నాయి. స్ట్రాబెర్రీ మడి పక్కన పది గుడారాలు మంచుకు తడిసి ముద్దయ్యాయి. ఇంటావిడ అప్పటికే మూడు రాళ్ల పొయ్యి మీద నీళ్లు పెట్టింది. అతిథులు ఒక్కొక్కరే వచ్చి పొయ్యి చుట్టూ మూగుతున్నారు.

"అమ్మా, నీ టీతో ప్రాణం లేచొచ్చింది" అన్నాడొకాయన. పక్కనున్నాయన మాత్రం మొహం మాడ్చుకున్నాడు. "రాత్రంతా కునుకు లేదండీ. పరుపు కింద నుంచి చెమ్మ. మరుగుదొడ్డి దగ్గర చాంతాడంత వరుస" అన్నాడు. ఒకే రాత్రి, ఒకే పొలం. ఇద్దరి మాటా నిజమే.

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో ఉంది లంబసింగి. 2022లో కొత్త జిల్లా ఏర్పడక ముందు విశాఖ జిల్లాలోది. సముద్ర మట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. కొర్రబయలు అని పాత పేరు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని పెద్దలు చెప్పే అర్థం. ఆ చలే ఇప్పుడు జనాన్ని రప్పిస్తోంది. కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్‌మా, వలిసెలు పండే చేల పక్కన గుడారాలు లేచాయి.

మేం వెళ్లింది ఎకరంన్నర భూమి ఉన్న ఓ గిరిజన కుటుంబం దగ్గరికి. పేరు రాయొద్దన్నారు. భార్యాభర్తలు, డిగ్రీ చదివిన కొడుకు, ముసలమ్మ. పనంతా ఈ నలుగురిదే. మొదట రెండు గుడారాలు వేశారు. ఇప్పుడు పది.

పుస్తకంలో ఏం రాశారు?

కొడుకు ఓ పాత లెక్కల పుస్తకం పెట్టాడు. వచ్చినవాళ్లు మంచీ చెడ్డా అందులో రాస్తారు. బొంగులో కోడికూర, రాగి అంబలి, మడిలో తామే కోసుకుని తిన్న పండ్లు, ముసలమ్మ చెప్పిన కబుర్లు... మెచ్చుకున్నవాళ్లు ఇవే రాశారు. "హోటల్లో డబ్బు లెక్క చూశారు, ఇక్కడ మమ్మల్ని చూశారు" అని ఒకరు రాశారు.

తిట్టినవాళ్లూ ఉన్నారు. రెండు దుప్పట్లన్నారు, ఒకటే ఇచ్చారు. చలిమంటకు వేరే డబ్బులని ముందు చెప్పలేదు. పక్క గుడారంవాళ్లు ఒంటిగంట దాకా పాటలు మోగించినా ఎవరూ అడగలేదు. పది గుడారాలకు ఒకటే మరుగుదొడ్డి.

"సదివితే మనసు సివుక్కుమంటాది బాబూ. కానీ అబద్ధం రాయలేదు కదా" అంది ఇంటావిడ.

వాళ్ల కష్టం వేరు

అరబికా కాఫీ పండ్లు కోసేది చలికాలంలోనే. అతిథులు వచ్చేదీ అప్పుడే. పగలు తోటలో, రాత్రి గుడారాల దగ్గర. మనుషులు సరిపోరు. ఫొటోల కోసం పూత మీదున్న వలిసె చేలో దిగి తొక్కేశారు. స్ట్రాబెర్రీ మడి మీద పరిచిన ప్లాస్టిక్ షీటు చిరిగింది. పగిలిన సీసా పెంకు గుచ్చుకుని ఇంటావిడ వారం రోజులు కుంటింది.

ఇంకో సంగతి. సాయంత్రం తెగులు మందు కొట్టిన మడిలో, పొద్దున్నే పిల్లలు పండ్లు కోయబోయారు. కొడుకు పరుగెత్తి ఆపాడు. అప్పట్నుంచి మందు కొట్టిన మడికి ఎర్రగుడ్డ కడుతున్నారు. డబ్బా మీద రాసిన గడువు దాటాకే గుడ్డ తీస్తారు.

ఇలాగే ఓ రాత్రి చలికి తాళలేక ఒకాయన నిప్పుల కుంపటి గుడారంలోకి తీసుకెళ్లబోయాడు. మూసిన గుడారంలో బొగ్గు నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. దానికి వాసన ఉండదు. నిద్రలో తెలియను కూడా తెలియదు.

లెక్క చూసుకోండి

గుడారానికి రాత్రికి వెయ్యి అనుకుందాం. పదీ నిండితే పదివేలు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ నిండేది ఎక్కువగా శని, ఆదివారాలే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సుమారు 17 వారాలు, అంటే 34 రాత్రులు. దుప్పట్లు, తిండి, కట్టెలు, ఏజెంటు వాటా పోవాలి. పాడైన పంటనూ ఇందులోనే రాయాలి. మిగిలిన ఎనిమిది నెలలూ తిండి పెట్టేది చేనే.

మైదానం నుంచి ఒకాయన వచ్చి, పొలం తనకు లీజుకిస్తే ఏడాదికింతని ముందే చేతిలో పెడతానన్నాడట. ఇంటాయన ఊగాడు. కొడుకు వద్దన్నాడు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు అమ్మడమే కాదు, లీజుకివ్వడం కూడా 1/70 చట్టం ప్రకారం చెల్లదు. "సంతకం పెట్టాక మన పొలంలో మనమే కూలోళ్లం అయిపోతాం" అన్నాడు కొడుకు. ముసలమ్మ మనవడి వైపే నిలబడింది. లీజు మాట అక్కడితో ఆగింది.

గుడారాలు వేయాలనుకునే రైతులకు

* నేల కన్నా జానెడు ఎత్తున వెదురు తడికె వేసి, దాని మీద గుడారం కట్టండి. చెమ్మ పరుపుకు ఎక్కదు.

* ముందు మరుగుదొడ్లు, తర్వాతే గుడారాలు. గుంత బావికి దూరంగా, పల్లం వైపు ఉండాలి.

* అద్దె, తిండి, మంట దేనికెంతో ముందే బోర్డు మీద రాయండి.

* రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకులు మోగించడం నిబంధనలకు విరుద్ధం. రాగానే చెప్పేయండి.

* నిప్పు గుడారంలోకి వెళ్లకూడదు. చలిమంట ఎండుటాకులకు దూరంగా వేసి, నీళ్లు పోసి ఆర్పాకే పడుకోండి.

* చేనికి కంచె కట్టి, ఫొటోలకు ఓ గట్టు వదలండి.

* తిండి అమ్మేవారు ఆహార భద్రత శాఖలో నమోదు చేయించుకోవాలి.

వచ్చే చలికాలానికి ఈ కుటుంబం గుడారాలను పది నుంచి ఆరుకు తగ్గిస్తోంది. మరుగుదొడ్లు మాత్రం ఒకటి నుంచి మూడు అవుతున్నాయి. "ఆరుగురికి సరిగ్గా పెడితే ఆరుగురూ మళ్లీ వస్తారు. పదిమందికి అరకొరగా పెడితే పదిమందీ తిట్టుకునే పోతారు" అంది ఇంటావిడ, పొయ్యిలోకి కట్టె ఎగదోస్తూ.