గోల్ఫ్ దెబ్బలో బరువు మార్పు - శరీర సమతౌల్యము

గోల్ఫ్ అనగానే అది ధనికుల వినోదమనియు, పల్లెపట్టు విద్యార్థులకు దానితో పనిలేదనియు మనలో పలువురు తలంతురు. మన మధిర పరిసరములలో గోల్ఫ్ మైదానము లేదు. గోల్కొండ నయాఖిలాకు పోయినగాని ఆ పచ్చిక కంటబడదు. అయినను ఆ ఆటలోని మూలసూత్రము మనకు కొత్తది కాదు. గొడ్డలితో కట్టెలు కొట్టువాడును, చిర్రగోనె ఆడు బాలుడును ఎరిగినదే అది. దెబ్బలోని బలము చేతులలో పుట్టదు. పాదముల క్రింది నేలనుండి పుట్టును. దీనినే మేము ఇచట వివరింపదలచితిమి.

గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములకు మించరాదు. క్రికెట్ బంతిలో మూడవవంతుకన్న అది తక్కువ. దానిని నిపుణులు 250 మీటర్లకు పైగా కొట్టుదురు. ఇది కేవలము కండబలముచే సాధ్యము కాదు. కాళ్లలో మొదలైన కదలిక తుంటికి, మొండెమునకు, భుజములకు, మణికట్టునకు వరుసగా అంది, చివరకు కర్ర కొనలో వేగముగా మారును.

కుడిచేతి ఆటగాడు తన ఎడమ భుజము గమ్యమువైపు ఉండునట్లు నిలుచును. మొదట బరువు రెండు పాదములపై సమానముగా ఉండవలెను. కర్రను వెనుకకు ఎత్తునపుడు ఒత్తిడి కుడిపాదపు లోపలి అంచుకు చేరును. కర్ర పైకి పూర్తిగా చేరకమునుపే ఒత్తిడి ఎడమకాలివైపు మరలవలెను. ఇదియే కీలకము. బంతిని తాకువేళకు అధికభాగము ఎడమకాలిపై ఉండును. దెబ్బ ముగిసినపుడు కుడిమడమ పైకి లేచి, వ్రేళ్లు మాత్రమే నేలను తాకును.

నేర్చుకొనువారిలో రెండు దోషములు తరచు కనిపించును. మొదటిది, తుంటి తిరుగుటకు బదులు పాదమును దాటి ప్రక్కకు జరుగుట. రెండవది, కర్ర ఎత్తునపుడు ఎడమకాలిపై వాలి, కొట్టునపుడు కుడికాలిపైకి వెనుదిరుగుట. అప్పుడు కర్ర బంతికంటె ముందు నేలను తగులును, లేదా బంతి పైభాగమును గీరుకొనిపోవును.

సవరణకు ఖరీదైన సాధనములు అక్కరలేదు. చుట్టుప్రక్కల ఎవరును లేని చోట రెండు పాదములను దగ్గరగా చేర్చి, సగము వేగముతో కర్రను ఊపవలెను. తూకము తప్పినచో శరీరమే ఆ సంగతి తెలుపును. ఊపు ముగిసిన పిదప మూడంకెలు లెక్కించువరకు కదలక నిలువవలెను. నిలువలేకపోయినచో వేగము తగ్గించి మరల ప్రయత్నింపవలెను.

అందరి శరీరము ఒకే తీరున ఉండదు. తెలుగు కుటుంబమున 1997లో కాలిఫోర్నియాలో జన్మించిన సాహిత్ తీగలకు వెన్నెముక ప్రక్కకు వంగియున్నది. అయినను తన దేహమునకు తగిన ఊపును సాధించి, 2023 సెప్టెంబరులో నాపా నగరమున ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచెను.

తక్కువ దెబ్బలతో ముగించువాడే ఈ ఆటలో విజేత. 2024లో అట్లాంటాలో జరిగిన టూర్ ఛాంపియన్‌షిప్‌లో తన కర్ర వెనుకకు పోవుచు ఇసుకను తాకినదని సాహిత్ స్వయముగా అధికారులకు తెలిపి, రెండు దెబ్బల దండనను స్వీకరించెను. ఆ పోటీలో అతడు మూడవ స్థానము పొందెను.

ఉర్దూలో తరాజు అన్నను, తెలుగులో త్రాసు అన్నను తూకము ఒక్కటే. పాదములకు అలవడిన సమతౌల్యము మనస్సునకును అలవడినపుడే క్రీడాభ్యాసము సఫలమగునని మా విశ్వాసము.