ఊపిరితిత్తుల్లో కణితి ఉంటే కాళ్లెందుకు నీరసిస్తాయి?

కుర్చీలోంచి లేవబోతే తొడలు సహకరించవు. నోరు ఎండిపోతుంటుంది. డాక్టరు మోకాలి చిప్ప కింద సుత్తితో తట్టినా కాలు కదలదు. తొడను పది సెకన్లు గట్టిగా బిగించమని చెప్పి మళ్లీ తడితే మాత్రం ఎగురుతుంది! లాంబర్ట్-ఈటన్ వ్యాధిలో కనిపించే వింత ఇది.

నరం కొసన ఉండే ద్వారాల గుండా కాల్షియం లోపలికి వెళితేనే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై కండరం ముడుచుకుంటుంది. అలాంటి కాల్షియం ద్వారాలే ఒక రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల మీదా ఉంటాయి. శరీరం వాటిమీదికి యాంటీబాడీలను పంపుతుంది. పాపం, అవి నరాల ద్వారాలనూ దెబ్బతీస్తాయి. కండరాన్ని బిగించినప్పుడు సంకేతాలు వెంటవెంటనే వచ్చి, కొసలో కాల్షియం పోగుపడి, కాసేపు బలం తిరిగొస్తుంది.

ఈ రోగుల్లో సుమారు సగం మందికి క్యాన్సర్ ఉంటుంది. తరచూ కాళ్ల నీరసమే ముందు బయటపడుతుంది. అందుకే ఛాతీ స్కాన్ తప్పనిసరి. మొదటిసారి ఏమీ కనిపించకపోయినా కొన్ని నెలలకోసారి మళ్లీ తీయాల్సిందే.